అన్నే హోల్మ్

అన్నే హోల్మ్ (సెప్టెంబర్ 10, 1922 - డిసెంబర్ 27, 1998) డెన్మార్క్ దేశానికి చెందిన పాత్రికేయురాలు, బాలసాహిత్య రచయిత్రి. ఈమె 1963లో రచించిన "డేవిడ్" అను నవల ద్వారా ప్రపంచ ప్రసిద్ధి పొందినది.

== జీవితం ==
ఈమె డెన్మార్క్ పశ్చిమ భాగమున ఉన్న జట్లాండ్ ప్రాంతములో జన్మించినది. పాత్రికేయ వృత్తిలో ఉంటూ రచనలు చేసినది. ఏడ్రియన్ డి షాండెల్ అను కలం పేరు కూడా ఉపయోగించినది.

== డేవిడ్ నవల ==
ఇది తూర్పు ఐరోపాలోని ఒక నిర్బంధ శిబిరములో పెరిగిన పన్నెండేళ్ళ బాలుని కథ. డేవిడ్‌కు తన తల్లిదండ్రులెవరో తెలియదు. శిబిరములోని జోహన్నెస్ అను ఖైదీయే అతనికి గురువు, మిత్రుడు. ఆయన మరణించిన తరువాత డేవిడ్ ఒంటరివాడవుతాడు. ఒక రాత్రి కాపలా అధికారి అతనిని తప్పించుకొని పొమ్మని చెప్పి, దిక్సూచి, సబ్బు, చాకు, అగ్గిపెట్టె వంటి కొద్ది వస్తువులు ఇస్తాడు. సలోనికా రేవు నుండి ఓడలో ఇటలీ చేరి, అక్కడనుండి ఉత్తరముగా డెన్మార్క్ వెళ్ళవలెనని సూచిస్తాడు.

సముద్రమును, పండ్లతోటలను, నవ్వే మనుషులను డేవిడ్ మొదటిసారిగా చూస్తాడు. నారింజపండు అంటే ఏమిటో కూడా అతనికి తెలియదు. ఖైదీలు మాట్లాడుకొనే పలు భాషలు మాత్రము బాగా వచ్చును. ఇటలీలో మంటలలో చిక్కుకున్న మరియా అను బాలికను రక్షిస్తాడు. స్విట్జర్లాండ్‌లో ఒక రైతు అతనిని బంధించి శీతాకాలమంతా చాకిరీ చేయించుకుంటాడు. అక్కడ తోడుగా దొరికిన కుక్క, సరిహద్దు దాటే సమయములో తన ప్రాణమిచ్చి అతనిని కాపాడుతుంది. సోఫీ అను చిత్రకారిణి ఇంటిలో చూసిన ఒక డేనిష్ స్త్రీ ఛాయాచిత్రము అతని ప్రయాణమునకు గమ్యమును చూపుతుంది. చివరకు డేవిడ్ డెన్మార్క్ చేరి తల్లిని కలుసుకొంటాడు.

శిబిరము ఏ దేశములో ఉన్నదో నవలలో చెప్పలేదు. డేవిడ్‌కు తెలిసినంతవరకే పాఠకునికీ తెలుస్తుంది. అందువలన దీనిని నాజీ శిబిరముగా పొరబడేవారున్నారు, కాని ఇందులోని నేపథ్యము రెండవ ప్రపంచ యుద్ధము తరువాతి తూర్పు ఐరోపా. ఎవరినీ నమ్మరాదని నేర్చుకొన్న బాలుడు తిరిగి మనుషులను నమ్మగలడా అనునదే ఈ నవలలోని ముఖ్యమైన ప్రశ్న. తనను హింసించినవారివలె తాను మారరాదని డేవిడ్ పట్టుదలతో ఉంటాడు. కథలోని యాదృచ్ఛిక సంఘటనలు నమ్మశక్యముగా లేవని కొందరు విమర్శించారు.

== అనువాదములు, పురస్కారములు ==
ఈ నవలను ఎల్. డబ్ల్యూ. కింగ్స్‌లాండ్ ఆంగ్లములోనికి అనువదించాడు. 1965లో ఇది బ్రిటన్‌లో "ఐ యామ్ డేవిడ్", అమెరికాలో "నార్త్ టు ఫ్రీడమ్" అను పేర్లతో వెలువడినది. 1963లో ఉత్తమ స్కాండినేవియన్ బాలల పుస్తకముగా పురస్కారము పొందినది. 1965లో అమెరికా గ్రంథాలయ సంఘము దీనిని గుర్తించదగిన పుస్తకముల జాబితాలో చేర్చినది.

== ఇతర రచనలు ==
* పీటర్ (1965)
* ఆడమ్ ఓ డి వోక్స్‌నె (1967) - "ఆడమ్, పెద్దవాళ్ళు" అని అర్థము

== చలనచిత్రము ==
రచయిత్రి మరణానంతరము, 2003లో పాల్ ఫీగ్ దర్శకత్వములో "ఐ యామ్ డేవిడ్" చలనచిత్రముగా వచ్చినది. బెన్ టిబ్బర్ డేవిడ్‌గా, జిమ్ కావిజెల్ జోహన్నెస్‌గా, జోన్ ప్లోరైట్ సోఫీగా నటించారు. నవలలో పేరు చెప్పని శిబిరమును చిత్రములో బల్గేరియాలో ఉన్నట్లు చూపించారు.