వృత్తి అవసరాలకు సొంత కారు వినియోగం - బీమా రక్షణ

వ్యక్తిగత వాహనంగా నమోదైన కారును ఉద్యోగం, వృత్తి లేదా వ్యాపారం నిమిత్తం వాడినపుడు దానిపై ఉన్న బీమా పాలసీ ఎంతవరకు వర్తిస్తుంది అన్నది మోటారు బీమాలో తరచు వివాదాలకు దారితీసే అంశం. భారతదేశంలో సొంత కారు పాలసీ పనిమీద తిరగడాన్ని నిషేధించదు, కిరాయికి తిప్పడాన్ని నిషేధిస్తుంది. ఈ భేదం తెలియకపోవడం వలన కొందరు అవసరం లేకపోయినా భయపడుతుంటారు. మరికొందరు "ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది" అన్న ధీమాతో రక్షణ లేని ప్రయాణాలు చేస్తుంటారు. హైదరాబాదు తూర్పు భాగంలోని ఎల్.బి.నగర్ (లాల్ బహాదుర్ నగర్), దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతాలలో ఈ రెండు రకాల వాడకమూ కనిపిస్తుంది.

నేపథ్యం

1939 నాటి మోటారు వాహనాల చట్టంలోని ఎనిమిదవ అధ్యాయం 1946 జూలై 1న అమలులోకి రావడంతో మూడవ పక్షపు (థర్డ్ పార్టీ) బీమా దేశంలో తప్పనిసరి అయింది. ప్రస్తుతం అమలులో ఉన్న 1988 చట్టం 1989 జూలై 1 నుండి వర్తిస్తున్నది. ఈ చట్టంలోని 146వ సెక్షను ప్రకారం బీమా లేని వాహనాన్ని బహిరంగ స్థలంలో నడపరాదు. 2019 సవరణ తరువాత ఈ నేరానికి మొదటిసారి 2,000 రూపాయల జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు, లేక రెండూ విధించవచ్చు.

పాలసీల పాఠం మాత్రం చట్టం నుండి కాక 2002 జూలై 1న అమలులోకి వచ్చిన భారత మోటారు టారిఫ్ నుండి వచ్చింది. 2007 జనవరి 1 నుండి సొంత నష్టం విభాగంలో ప్రీమియం రేట్లను కంపెనీలకే వదిలివేసినా షరతుల పాఠం చాలావరకు అలాగే నిలిచింది. అందువలన ఏ కంపెనీ పాలసీ తీసుకున్నా వినియోగ పరిమితుల వాక్యాలు దాదాపు ఒకే విధంగా ఉంటాయి. బీమా నియంత్రణ సంస్థ ప్రధాన కార్యాలయం 2001 నుండి హైదరాబాదులోనే ఉన్నది.

పాలసీలోని వినియోగ పరిమితులు

పాలసీ పత్రంతో పాటు ఇచ్చే షెడ్యూలులో "వినియోగ పరిమితులు" అనే చిన్న పేరా ఉంటుంది. సాధారణంగా ఎవరూ చదవని ఈ పేరాయే వివాదం వచ్చినపుడు అన్నిటికన్నా ముఖ్యమైనది అవుతుంది. దాని సారాంశం ప్రకారం కారును ఏ పనికైనా వాడవచ్చు. మినహాయింపులు: కిరాయి లేదా ప్రతిఫలానికి నడపడం, సరుకుల రవాణా, వ్యవస్థీకృత పందాలు, వాటికి సంబంధించిన వేగ, సామర్థ్య పరీక్షలు, మోటారు వాహనాల వ్యాపారానికి సంబంధించిన వాడకం. సరుకుల విషయంలో నమూనాలకు (శాంపిళ్ళు), సొంత సామానుకు మినహాయింపు లేదు, అంటే వాటిని తీసుకువెళ్ళవచ్చు.

టారిఫ్‌లో సొంత కారుకు ఇచ్చిన నిర్వచనం ఇంకా స్పష్టమైనది. కుటుంబ, గృహ అవసరాలతో పాటు పాలసీదారు వృత్తి అవసరాలు, అవే అవసరాలకు అతని ఉద్యోగులు వాడుకోవడం కూడా అందులో చేరి ఉన్నాయి. బ్రిటనులో ఇలా ఉండదు. అక్కడ గృహ అవసరాలు, ఉద్యోగానికి రాకపోకలు, వ్యాపార వినియోగం అని వేరువేరు తరగతులు ఉంటాయి, తరగతిని బట్టి ప్రీమియం మారుతుంది. విదేశాలలో కొంతకాలం ఉండి వచ్చినవారు ఇక్కడ కూడా "బిజినెస్ యూజ్" అని విడిగా తీసుకోవాలేమో అనుకోవడం కద్దు. సొంత కారులో ఆఫీసుకు వెళ్ళడానికి భారతదేశంలో అటువంటి అదనపు రక్షణ అవసరం లేదు.

కిరాయి వాడకాన్ని మినహాయించడానికి కారణం ప్రీమియంలోనే ఉన్నది. టాక్సీ రోజంతా రోడ్డు మీద ఉంటుంది, అపరిచితులను ఎక్కించుకుంటుంది, ప్రమాద అవకాశం ఎక్కువ. 2022 జూన్ 1న అమలులోకి వచ్చిన మూడవ పక్షపు రేట్లలో 1000 సి.సి. వరకు ఇంజను గల సొంత కారుకు ఏడాదికి 2,094 రూపాయలు నిర్ణయించగా, అదే ఇంజను గల టాక్సీకి 6,040 రూపాయలు, దానిపై అనుమతించిన ఒక్కొక్క ప్రయాణికునికి మరో 1,162 రూపాయలు నిర్ణయించారు. నలుగురు ప్రయాణికులను అనుమతించిన టాక్సీకి ఇది 10,688 రూపాయలు అవుతుంది, అంటే సొంత కారుకు ఐదు రెట్లకు పైగా.

ఎల్.బి.నగర్ పరిసరాలలో వాడకం

ఎల్.బి.నగర్ కూడలి వద్ద విజయవాడ వైపు వెళ్ళే జాతీయ రహదారి 65 (పూర్వపు 9వ నెంబరు), ఉప్పల్ వైపు, సాగర్ రోడ్డు వైపు వెళ్ళే దారులు కలుస్తాయి. 2007లో మహానగర పాలక సంస్థలో విలీనమయ్యేవరకు ఇది ప్రత్యేక పురపాలక సంఘం. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుండి ఇక్కడికి మెట్రో రైలు మొదలైనా, నగరానికి పడమటి దిక్కున ఉన్న కార్యాలయాలకు సొంత కార్లలో వెళ్ళేవారు ఇంకా ఎందరో ఉన్నారు. ఈ రాకపోకలు పాలసీ పరిధిలోనివే.

మందుల కంపెనీ ప్రతినిధి శాంపిళ్ళ సంచులతో దిల్‌సుఖ్‌నగర్ నుండి నల్గొండ దాకా వైద్యులను కలిసి రావడం కూడా పరిధిలోనిదే. నమూనాలకు పాలసీయే వీలు కల్పించింది. అదే కారులో దుకాణాలకు పంపిణీ చేయవలసిన మందుల పెట్టెలు నింపితే అది సరుకుల రవాణా అవుతుంది. ఇబ్రహీంపట్నం, చౌటుప్పల్ వైపు ప్లాట్లు చూపించడానికి కొనుగోలుదారులను సొంత కారులో తీసుకువెళ్ళే స్థిరాస్తి ఏజెంటు వారి వద్ద కారు ఛార్జీ తీసుకోడు, అతనికి వచ్చేది అమ్మకం మీద కమీషను. కనుక దీనిని వృత్తి వినియోగంగానే చూడాలి. కొత్తపేటలోని గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు 2021లో బాటసింగారానికి తరలిపోకముందు, చిన్న వ్యాపారులు కార్ల వెనుక సీట్లు మడిచి పండ్ల పెట్టెలు వేసుకుపోవడం జరిగేది. ఇంటికి ఒక పెట్టె కొనుక్కుపోవడం సొంత సామాను. పది పెట్టెలు దుకాణానికి తీసుకుపోవడం సరుకు రవాణా.

అసలు సమస్య విజయవాడ రహదారి మీద ఉన్నది. ఎల్.బి.నగర్, హయత్‌నగర్ ప్రాంతాలలో బస్సు కోసం నిలబడినవారిని సూర్యాపేట, ఖమ్మం, విజయవాడ పేర్లు పిలుస్తూ తెల్ల ప్లేటు కార్లలో తలకింత అని ఎక్కించుకోవడం అందరికీ తెలిసిన విషయమే. సంక్రాంతికి ఇది మరీ ఎక్కువ. నడిపేవారిలో కొందరు ఎలాగూ ఊరికి వెళ్తూ పెట్రోలు ఖర్చు రాబట్టుకునేవారు, కొందరు దీనినే జీవనోపాధిగా చేసుకున్నవారు. చట్టం దృష్టిలో పర్మిట్టు లేకుండా ప్రయాణికులను కిరాయికి తీసుకువెళ్ళడం నేరం. 2019 సవరణ తరువాత దీనికి మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల వరకు జైలు, 10,000 రూపాయల జరిమానా ఉన్నాయి. జరిమానా సంగతి డ్రైవర్లకు తెలుసు. బీమా సంగతి ఎక్కేవారికి గాని, ఎక్కించుకునేవారికి గాని తెలిసినట్లు కనబడదు.

ప్రమాదం జరిగినపుడు

కిరాయికి నడిపిన సొంత కారు ప్రమాదానికి గురైతే నష్టాన్ని మూడు భాగాలుగా విడదీసి చూడాలి.

మొదటిది, రోడ్డు మీద పోతున్న ఇతరులకు కలిగిన నష్టం. పర్మిట్టు లేని వాహనాన్ని కిరాయికి వాడరాదన్న షరతును ఉల్లంఘించారని వాదించే హక్కును చట్టమే బీమా కంపెనీకి ఇచ్చింది. ఇది పూర్వం 149వ సెక్షనులోను, 2022 ఏప్రిల్ 1 నుండి 150వ సెక్షనులోను ఉన్నది. అయితే ఉల్లంఘనను నిరూపించే భారం కంపెనీదే అని స్వరణ్ సింగ్ కేసులో (2004) సుప్రీంకోర్టు చెప్పింది. పర్మిట్టు లేకపోవడం మౌలికమైన ఉల్లంఘన అని అమృత్ పాల్ సింగ్ కేసులో (2018) చెబుతూనే, కంపెనీ ముందు బాధితునికి చెల్లించి తరువాత యజమాని నుండి వసూలు చేసుకోవాలన్న ఏర్పాటును సమర్థించింది. కనుక బాధితునికి పరిహారం దక్కే అవకాశం ఉన్నా, ఆ భారం చివరకు కారు యజమాని ఇంటి మీదికే వస్తుంది. మరణం సంభవించిన కేసులో ఇది లక్షల రూపాయలలో ఉంటుంది.

రెండవది, కారులో ఉన్నవారి నష్టం. చట్టం ప్రకారం తప్పనిసరి అయిన మూడవ పక్షపు పాలసీ మాత్రమే ఉంటే, సొంత కారులో ఉచితంగా ఎక్కినవారికి కూడా అది వర్తించదు. సమగ్ర (ప్యాకేజీ) పాలసీ ఉంటే వర్తిస్తుందని నియంత్రణ సంస్థ 2009 నవంబరు 16 నాటి సర్క్యులరులో స్పష్టం చేసింది. సుప్రీంకోర్టు బాలకృష్ణన్ కేసులో (2012) ఈ తేడాను గుర్తించింది. కాని ఆ ప్యాకేజీ పాలసీలోనే, కారులో ఉన్నవారు కిరాయి లేదా ప్రతిఫలానికి ఎక్కినవారు కాకూడదు అన్న షరతు ఉంది. అంటే తలకింత ఇచ్చి ఎక్కిన ప్రయాణికుడు, కారు యజమాని స్నేహితుని కన్నా తక్కువ రక్షణతో ప్రయాణిస్తున్నాడు. ఎర్ర బస్సులో ఎక్కినవారికి ఈ అనిశ్చితి లేదు.

మూడవది, కారుకు జరిగిన నష్టం. ఇక్కడ బాధితుని రక్షణ అన్న ప్రశ్న లేదు కాబట్టి కంపెనీలు క్లెయిమును తిరస్కరించడానికి వెనుకాడవు. టాక్సీగా తిప్పుతుండగా చోరీ అయిన వాహనానికి సంబంధించిన నితిన్ ఖండేల్వాల్ కేసులో (2008), షరతు ఉల్లంఘన చోరీకి సంబంధించినది కాదు కనుక మొత్తం తిరస్కరించడం తగదని, 75 శాతం చెల్లించాలని సుప్రీంకోర్టు ఆమోదించింది. కిరాయికిచ్చిన వాహనానికి ప్రమాదం జరిగిన అమలేందు సాహు కేసులో (2010) కూడా పూర్తి తిరస్కరణను ఒప్పుకోలేదు. ఇవి వినియోగదారుల న్యాయస్థానాలలో ఏళ్ళ తరబడి పోరాడితే లభించిన ఊరటలు. సర్వేయరు రాగానే లభించేవి కావు.

కిరాయి సంగతి కంపెనీకి ఎలా తెలుస్తుంది అని చాలామంది అనుకుంటారు. ప్రమాదం తరువాత పోలీసులు నమోదు చేసే వాంగ్మూలాలలో గాయపడినవారు తాము ఎక్కడ ఎక్కినదీ, ఎంత ఇచ్చినదీ సహజంగానే చెబుతారు. ఒకరికొకరు పరిచయం లేని నలుగురు ఒకే కారులో ఉండడమే అనుమానానికి తావిస్తుంది. కంపెనీ పరిశోధకులు మొదట చూసేది ఈ పత్రాలనే. రంగారెడ్డి జిల్లా కోర్టుల సముదాయం ఎల్.బి.నగర్‌లోనే ఉన్నందున, రహదారి మీద జరిగిన ప్రమాదాలలో అనేకం ఇక్కడి మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునలు ముందుకు వస్తాయి.

డ్రైవరు లైసెన్సు రకం మాత్రం ఇప్పుడు పెద్ద వివాదం కాదు. తేలికపాటి వాహనాల లైసెన్సు ఉన్నవారు 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని కూడా నడపవచ్చని 2017లో ఇచ్చిన తీర్పును సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న ఖరారు చేసింది.

యజమాన్యం, ఉద్యోగి

ఉద్యోగి తన కారును కంపెనీ పనిమీద వాడి కిలోమీటరుకు ఇంత అని ఖర్చు తీసుకోవడం సాధారణం. ఇది ప్రయాణికుని నుండి తీసుకునే కిరాయి వంటిది కాదు. అయితే కారును డ్రైవరుతో సహా నెలకింత అని సంస్థకు అప్పగిస్తే అది కిరాయే, సంస్థ ఎంత పెద్దదైనా పసుపు ప్లేటు అవసరమే. "కిరాయి లేదా ప్రతిఫలం" అన్న మాటలకు మోటారు వాహనాల చట్టంలో నిర్వచనం లేకపోవడం వలన ఇటువంటి సరిహద్దు కేసులు కోర్టులకు చేరుతుంటాయి.

కారు వ్యాపారి పేరున ఉండి అందులో ఉద్యోగులు తిరుగుతుంటే రెండు ఎండార్సుమెంట్లు ఉపయోగపడతాయి. 28వ నెంబరుది జీతం మీద పనిచేసే డ్రైవరు పట్ల, 29వ నెంబరుది మిగతా ఉద్యోగుల పట్ల యజమానికి ఉన్న చట్టపరమైన బాధ్యతను భరిస్తాయి. వీటి ఖర్చు మొత్తం ప్రీమియంతో పోలిస్తే బహు స్వల్పం, అయినా అడిగి వేయించుకునేవారు తక్కువ. యజమాని-డ్రైవరు వ్యక్తిగత ప్రమాద బీమా 2018లో 15 లక్షల రూపాయలకు పెరిగింది. కారు కంపెనీ లేదా భాగస్వామ్య సంస్థ పేరున ఉంటే ఇది వర్తించదు.

ఖర్చు పంచుకునే ప్రయాణాలు

సహోద్యోగులు పెట్రోలు ఖర్చు పంచుకుని ఒకే కారులో వెళ్ళడం కిరాయి అవుతుందా కాదా అన్నదానికి చట్టంలో సూటి సమాధానం లేదు. కేంద్ర ప్రభుత్వం 2020 నవంబరులో విడుదల చేసిన ఆగ్రిగేటర్ల మార్గదర్శకాలు, రాష్ట్రం నిషేధించనంతవరకు, సొంత వాహనాలలో ఇటువంటి పంపకానికి చోటిచ్చాయి. ఒక వాహనానికి నగరంలో రోజుకు నాలుగు, నగరాల మధ్య వారానికి రెండు ప్రయాణాలు పరిమితిగా పెట్టి, పాల్గొనేవారికి కనీసం 5 లక్షల రూపాయల బీమా ఉండాలని చెప్పాయి. ఈ ఏర్పాటు ఆగ్రిగేటరు ద్వారా జరిగే ప్రయాణాలకే గాని, రోడ్డు పక్కన పేరు పిలిచి ఎక్కించుకునేవాటికి కాదు.

ఎన్నికల విధులకు స్వాధీనం

ఎన్నికల సమయంలో అధికారులు వాహనాలను స్వాధీనం చేసుకుంటారు. అటువంటి కారు ప్రమాదానికి గురైతే బాధ్యత దానిని తన అధీనంలో ఉంచుకున్న రాష్ట్రానిదే గాని యజమానిది, బీమా కంపెనీది కాదని దీపా దేవి కేసులో (2008) సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కనుక స్వాధీనం ఉత్తర్వు ప్రతిని యజమాని దాచుకోవడం అవసరం.

మార్పు, ఫిర్యాదు

కారును క్రమంగా కిరాయికి నడపదలచినవారు రవాణా శాఖ కార్యాలయంలో వాహనాన్ని రవాణా తరగతికి మార్పించి, ఫిట్‌నెస్ పత్రం, పర్మిట్టు పొంది, ఆ తరువాత పాలసీని కూడా మార్పించుకోవాలి. ప్లేటు మార్చి పాలసీ మార్చకపోవడం కూడా అంతే ప్రమాదకరం. వాహన తరగతి మారిన సంగతి తెలియని కంపెనీ, తాను ఒప్పుకోని ప్రమాదభారాన్ని మోయనని చెప్పగలదు.

తిరస్కరించిన క్లెయిములపై ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి వ్రాయాలి. నెల రోజులలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. వ్యక్తిగత పాలసీలకు ఈ అవకాశం ఉన్నది, ఆయన ఇవ్వగల పరిహారం పరిమితి 2023లో 30 లక్షల నుండి 50 లక్షల రూపాయలకు పెరిగింది. జిల్లా వినియోగదారుల కమిషనుకు వెళ్ళే హక్కు వేరుగా ఉంటుంది, కాని అక్కడ కేసు నడుస్తుండగా అదే విషయాన్ని అంబుడ్స్‌మన్ విచారణకు తీసుకోరు.