చిగుళ్ళ నెత్తురు: పందుంపుల్ల నుంచి గార తీసే దాకా

కోనసీమ ఊళ్ళలో కాలువ రేవులో కూర్చుని పందుంపుల్ల నమిలిన పెద్దవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వేప, కానుగ, ఉత్తరేణి, చేతికి ఏది అందితే అది. కొన నమిలి కుచ్చు చేసి తోముకోవడం, అదే పుల్లను రెండుగా చీల్చి నాలుక గీసుకోవడం. పుల్ల లేని పూట కచ్చిక, బొగ్గు, ఉప్పు.

ఆ పుల్ల సంగతి సుశ్రుత సంహితలో వివరంగా ఉంది. పొడవు పన్నెండు వేళ్ళ వెడల్పు, లావు చిటికెన వేలంత, కణుపు ఉండకూడదు. చేదులో వేప మేలు, వగరులో చండ్ర, తీపిలో ఇప్ప, కారంలో కానుగ. తోమేటప్పుడు చిగుళ్ళు నొవ్వకూడదని కూడా సుశ్రుతుడు చెప్పాడు. నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఈ మాటే. పంటి మూలానికి వచ్చే జబ్బులు 15 అని లెక్కపెట్టి, ఊరికే నెత్తురు కారుతూ చిగుళ్ళు మెత్తబడి నల్లబడే జబ్బుకి శీతాదం అని పేరు పెట్టాడు. చెడు నెత్తురు తీసేసి, శొంఠి, ఆవాలు, త్రిఫల కషాయం పుక్కిట పట్టమన్నాడు.

తర్వాత పొడుల కాలం. మైసూరు దగ్గరి నంజన్‌గూడులో 1913లో బి.వి. పండిట్ పెట్టిన సద్వైద్యశాల నుంచి వచ్చిన గులాబీ రంగు పళ్ళపొడి తెలుగు ఇళ్ళకూ చేరింది. బొగ్గు, ఇటుక పొడి లాంటి గరుకువాటితో ఏళ్ళ తరబడి గట్టిగా రుద్దితే మాత్రం పంటి మెడ అరిగిపోతుంది, చిగురు పంటి వేరు వైపు జారుతుంది.

పొడి మారినా, పుల్ల పోయి బ్రష్ వచ్చినా, చిగురు ఎందుకు చెడుతుందన్న ప్రశ్న చాలాకాలం తేలలేదు. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ దంతవైద్యుడు జాన్ రిగ్స్ 19వ శతాబ్దంలోనే జబ్బు మూలం పంటికి అంటుకున్న గారలో ఉందని పట్టుబట్టి, దాన్ని గీకి తీసేవాడు. గట్టి రుజువు 1965లో డెన్మార్క్ నుంచి వచ్చింది. హెరాల్డ్ లో అనే ఆచార్యుడు ఆరోగ్యంగా ఉన్న 12 మంది చేత పళ్ళు తోమడం మాన్పించాడు. 10 నుంచి 21 రోజుల్లో పాచి పేరుకుని అందరి చిగుళ్ళూ వాచాయి. మళ్ళీ తోమడం మొదలుపెట్టిన వారం రోజుల్లో మామూలయ్యాయి.

అంటే నెత్తురు కనబడగానే బ్రష్ పక్కన పెట్టేయడం సరిగ్గా తలకిందుల పని. నెత్తురు వచ్చేచోటే పాచి ఉంది. మెత్తటి బ్రష్‌ని చిగురు అంచుకి వాల్చి, నెమ్మదిగా రోజుకి రెండుసార్లు తోమాలి, పళ్ళ సందులూ శుభ్రం చేయాలి. ఉమ్మిలోని సున్నపు లవణాలతో పాచి గట్టిపడి గారైతే ఇక ఏ పుల్లకీ, ఏ పేస్టుకీ లొంగదు, వైద్యుడే తీయాలి.

గార తీయిస్తే పళ్ళు కదులుతాయన్న భయం మన ఊళ్ళలో ఇంకా బలంగా ఉంది. గార పేరుకున్నచోట చిగురు వదిలేసి, లోపల ఎముక కరిగి ఉంటుంది. పళ్ళ మధ్య ఖాళీని పూడ్చి ఉన్న గార ఊడేసరికి ఆ నష్టం అప్పుడే జరిగినట్టు కనిపిస్తుంది. చిగురువాపు పూర్తిగా నయమవుతుంది. కరిగిన ఎముక మాత్రం దానంతట అదే తిరిగి రాదు. అందుకే తొందరగా వెళ్ళమని బతిమాలడం. అమలాపురంలో దంత వైద్య కళాశాల ఉండగా పెద్ద నగరానికి పరుగెత్తే పనీ లేదు.

గోదావరి లంకల్లో పండిన పొగాకు చుట్టలు ఇక్కడ తరతరాల అలవాటు. చుట్ట కాల్చేవాళ్ళ చిగుళ్ళలో నెత్తురు నాళాలు ముడుచుకుంటాయి, లోపల జబ్బు ముదిరినా నెత్తురు పెద్దగా రాదు. చక్కెర జబ్బు కూడా ఉంటే ఒకటి రెండోదాన్ని ఎగదోస్తుంది. మీ ఇంట్లో చుట్ట కాల్చే తాతయ్య నాకేం నెత్తురు రావట్లేదు అంటున్నా సరే, ఒకసారి పళ్ళ డాక్టరు దగ్గర కూర్చోబెట్టండి.