రికార్డర్ ఎవరి చేతిలో ఉంది? చప్పుళ్ళతో చేసే రేడియో చరిత్ర



రేడియో అంటే మనకు తెలిసింది వార్తలు, వ్యవసాయ కబుర్లు, సినిమా పాటలు. ఇంకో రకం రేడియో కూడా ఉంది. బయట రికార్డు చేసి తెచ్చిన చప్పుళ్ళను కోసి, అతికించి, ఒకదానిమీద ఒకటి వేసి, వాటితోనే కథ చెప్తారు. దీనికి తొంభై ఏళ్ళు దాటిన చరిత్ర ఉంది. ఆ చరిత్రలో మనలాంటి జనాల పాటలు, డప్పులు మొదటినుంచీ ఉన్నాయి. రికార్డర్ మాత్రం చాలాకాలం వేరేవాళ్ళ చేతిలోనే ఉంది.

రేడియో రాకముందే మొదలైన కథ ఇది. 1890లో జెస్సీ వాల్టర్ ఫ్యూక్స్ అనే పరిశోధకుడు అమెరికాలోని మెయిన్ రాష్ట్రానికి ఎడిసన్ ఫోనోగ్రాఫ్ తీసుకెళ్ళి, పాసమకోడి అనే ఆదివాసుల పాటలు, కథలు మైనపు గొట్టాలమీద రికార్డు చేశాడు. ఊళ్ళోకి యంత్రం తీసుకెళ్ళి ఆదివాసుల గొంతులు పట్టడంలో అదే తొలి ప్రయత్నం అంటారు. ఆ గొట్టాలు మ్యూజియానికి, తర్వాత లైబ్రరీకి పోయాయి. పాడినవాళ్ళ మనవలకు అవి వినే దారి ఎన్నో దశాబ్దాలు లేదు.

1930లో జర్మనీలో వాల్టర్ రుట్‌మన్ అనే సినిమా దర్శకుడు ‘వీకెండ్’ అని ఒకటి చేశాడు. సినిమా ఫిల్మ్‌మీద బొమ్మ లేకుండా చప్పుడు మాత్రమే ఎక్కించాడు. బెర్లిన్ నగరంలో శని, ఆదివారాలు ఎలా గడుస్తాయో యంత్రాలు, మాటలు, గంటల చప్పుళ్ళతో చూపించాడు. అది రేడియోలో వచ్చింది.

మన చరిత్రకు బాగా దగ్గరైంది 1944 నాటి ఈజిప్టు కథ. హలీం ఎల్-దాబ్ అనే కుర్రాడు కైరోలో ఒక రేడియో స్టేషన్ నుంచి వైర్ రికార్డర్ అడిగి తెచ్చుకున్నాడు. సన్నని ఇనుప తీగమీద గొంతు ఎక్కించే బరువైన పెట్టె అది. దాంతో ఆడవాళ్ళు చేసే ‘జార్’ అనే తంతును రికార్డు చేశాడు. ఆత్మలను శాంతింపజేయడానికి పాటలు, డప్పులతో చేసే తంతు అది. మన ఊళ్ళలో దేవర ఒంటిమీదికి వచ్చే వేళను తలచుకుంటే అర్థమవుతుంది. తర్వాత స్టేషన్‌లో కూర్చొని ఆ గొంతులకు ప్రతిధ్వని కలిపాడు, అసలు స్వరాలు తీసేసి వెనక మోగే శబ్దాన్నే మిగిల్చాడు. పారిస్‌లో పియర్ షేఫర్ రైళ్ళ చప్పుళ్ళతో చేసిన ముక్క రేడియోలో వచ్చింది 1948 అక్టోబరు 5న. అంటే ఎల్-దాబ్ నాలుగేళ్ళు ముందే ఉన్నాడు. అయినా ఈ కళ పుట్టిందంటే చాలామంది పారిస్ పేరే చెప్తారు.

ఇంకో మాట కూడా ఉంది. ఆ తంతు దగ్గరికి తామెలా వెళ్ళిందీ ఎల్-దాబ్ తర్వాత తనే చెప్పాడు. ఆడవాళ్ళలాగా తల కప్పుకొని లోపలికి దూరారట. పని గొప్పదే. కానీ పాడిన ఆడవాళ్ళను ఎవరు అడిగారు? చరిత్రలో ఆయన పేరు నిలిచింది, వాళ్ళ పేర్లు వినపడవు.

ఆ రోజుల్లో ఈ పనికి స్టేషన్ కావాలి. టేపు వచ్చాక బ్లేడుతో కోసి, అంటించేవాళ్ళు. 2000లో ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వచ్చింది. చప్పుడు తెరమీద అలలాగా కనబడుతుంది, కావాల్సినచోట కోయొచ్చు, పొరలు పొరలుగా వేయొచ్చు, తప్పుపోతే వెనక్కి రావచ్చు. ఎల్-దాబ్ గోడలు జరిపి తెచ్చిన ప్రతిధ్వని ఇప్పుడు ఒక్క నొక్కుతో వస్తుంది.

మైకు కూడా చేతులు మారింది. గాలిలో తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. 2006లో స్వచ్ఛంద సంస్థలకూ కమ్యూనిటీ రేడియో పెట్టుకునే అవకాశం ఇచ్చారు. 2008 అక్టోబరు 15న జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో సంఘం రేడియో మొదలైంది. దాన్ని నడిపేది దళిత మహిళలు. 2010లో ఛత్తీస్‌గఢ్‌లో వచ్చిన సీజీనెట్ స్వరలో ఫోన్ చేసి గోండీలో మాట్లాడితే చాలు, ఇంకొకరు ఫోన్ చేసి వినేవాళ్ళు.

పాసమకోడి వాళ్ళ కథ కూడా అక్కడితో ఆగలేదు. ఆ గొట్టాలను ఇటీవలి ఏళ్ళలో డిజిటల్ చేశారు. ఏ పాట దేని గురించో ఆ జనమే విని తమ భాషలో రాస్తున్నారు. ఏది అందరూ వినొచ్చు, ఏది కూడదు అనేదీ వాళ్ళ మాట ప్రకారమే.

ఇప్పుడు మన సంగతి. నాగోబా జాతరకు ముందు మెస్రం వాళ్ళు గోదావరి నీళ్ళకోసం కాలినడకన పోతారు. ఆ అడుగుల చప్పుడు, దండారిలో గుస్సాడీ గజ్జెలు, తుడుం, అరకు వైపు థింసా, అవ్వ చెప్పే కథ... ఇవన్నీ మన చేతిలో ఫోన్ ఉండగానే పోతున్నాయి. ముందు ఊరి పటేల్‌నీ పూజారినీ అడగండి. వద్దన్నచోట ఫోన్ జేబులో పెట్టండి. పాడినవాళ్ళ పేరు, ఊరు, తేదీ రికార్డింగ్ మొదట్లోనే చెప్పించండి. అసలు రికార్డింగ్‌ను ముట్టుకోకుండా దాచి, కోతలు, అతుకులు కాపీమీద చేయండి. తయారైంది ముందు ఊరికే వినిపించండి.

రికార్డర్ మన చేతికి రావడానికి వందేళ్ళకు పైగా పట్టింది. పాడినవాళ్ళ పేరు మళ్ళీ పోతే ఆ తప్పు ఈసారి మనదే.

జై ఆదివాసీ.