బడి రిజిస్టరులో మన పేరు

జలుమూరు మండలంలో, వంశధార ఒడ్డున ఉంది శ్రీముఖలింగం. శివరాత్రికి మన కొండల నుంచి కూడా జనం దిగి వెళ్తారు. ఆ గుడి కథ మనలో చాలామందికి అవ్వల దగ్గర విన్నదే. ఒక సవర నాయకుడు, అతనికి ఇద్దరు భార్యలు, వాకిట్లో ఇప్పచెట్టు. చెట్టు కొమ్మలు ఇద్దరికీ పంచితే ఒకామె వైపు రాలిన పూలు బంగారమయ్యాయట. ఇంట్లో గొడవ పెరిగింది. కోపంతో అతను చెట్టు మీద గొడ్డలి ఎత్తాడు. ఆ మొదట్లో శివుడి ముఖం కనిపించింది. అందుకే అది ముఖలింగం, ఇప్పచెట్టులో వెలిశాడు కాబట్టి ఆయన మధుకేశ్వరుడు. కథ చెప్పేవాళ్లు చాలామంది ఆ నాయకుడికి పేరు చెప్పరు. ‘ఒక సవర’ అంటారు, అంతే.

అదే గుడి గోడల మీద, స్తంభాల మీద మాత్రం పేర్లకు కొదవలేదు. ఇది తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం అని చరిత్రకారులు అంటారు. దేవుడికి దీపం పెట్టించిన వాళ్లు తమ పేరు, రాజు పేరు, శక సంవత్సరం సంస్కృతంలోనో తెలుగులోనో రాతి మీద చెక్కించుకున్నారు. వెయ్యేళ్ల కిందటి దాత పేరు ఇవాళ చదువుకోగలుగుతున్నాం. ఏటికి పడమట, హిరమండలం దాటాక మొదలయ్యే సీతంపేట కొండల్లో అప్పుడు ఎవరున్నారో, వాళ్లను ఏమని పిలిచేవారో చెప్పే రాయి మనకు లేదు. రాత ఎవరి చేతిలో ఉంటే వాళ్ల పేరే మిగులుతుంది. ఈ వ్యాసంలో మనం మాట్లాడుకోబోయేది రాతి గురించి కాదు, బడి రిజిస్టరు గురించి. అది కూడా శాసనమే. కాకపోతే దాని మీద చెక్కేది మన గుంటల పేర్లు, చెక్కేది వేరేవాళ్లు.

ఈ ముఖలింగానికి దగ్గర్లోనే, పర్వతాలపేటలో, 1863 ఆగస్టు 29న గిడుగు వెంకట రామమూర్తి గారు పుట్టారు. 1880లో పర్లాకిమిడి రాజా వారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. పాత లిపులు తనకు తానే నేర్చుకుని ముఖలింగం శాసనాలు చదివారు. ఆగస్టు 29 వచ్చిందంటే తెలుగు భాషా దినోత్సవమని మన ఆశ్రమ పాఠశాలల్లోనూ ఆయన ఫోటోకి దండ వేస్తారు, వ్యావహారిక భాష గురించి ఉపన్యాసాలు చెబుతారు. సవర మాట మాత్రం ఆ రోజు వేదిక మీద ఎక్కువ వినపడదు. ఆయనేమో తెలుగు, సవర రెండూ వచ్చిన ఒక మనిషిని ఇంట్లో పెట్టుకుని సవర నేర్చుకున్నారు. అంటే గిడుగు గారికీ ఒక గురువు ఉన్నాడు, ఆ గురువు చదువు కొండ నుంచి వచ్చింది. మన పిల్లలకు ముందు చెప్పాల్సిన సంగతి ఇదీ.

ఆయన సవరలో వాచకాలు రాశారు. సొంత డబ్బుతో బళ్లు పెట్టి, పంతుళ్లకు జీతాలిచ్చి, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, నాకొద్దు, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టండి అన్నారని చెబుతారు. 1931లో ఆయన రాసిన సవర వ్యాకరణం అచ్చయింది, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది. మధ్యలో 1936లో మంగేయి గొమాంగో సవరకు సొంత లిపి, సోరా సొంపెంగ్, తయారుచేశారు. ఆ ఏడే ఒరిస్సా వేరు రాష్ట్రమైంది, పర్లాకిమిడి అటు పోయింది. సవరలు రెండు రాష్ట్రాల మనుషులయ్యారు.

బడి వచ్చింది, బడితో పాటు హాజరు పట్టీ వచ్చింది. అక్కడే మన కథ మలుపు తిరిగింది.

జూన్ నెలలో పిల్లవాడిని తండ్రి బడికి తీసుకొస్తాడు. మేష్టారు అడుగుతారు, ‘ఇంటిపేరేటి?’ తండ్రికి ఆ ప్రశ్నే కొత్త. సవరల్లో ఒక తాత సంతానమంతా ఒక బిరిందా. కింద ఊళ్ల వాళ్లలా పేరుకు ముందు తగిలించుకునే ఇంటిపేరు వాడుక లేదు. ‘సవరోళ్లం బాబూ’ అంటాడు. మేష్టారు రాసేస్తారు: ఇంటిపేరు, సవర. ఇవాళ సీతంపేట ప్రాంతంలో ఏ జాబితా చూసినా వరసగా సవర, సవర, సవర. జాతాపుల్లో బిడ్డిక, మండంగి, ఆరిక, నిమ్మక అని వంశాల పేర్లు ఉన్నాయి కాబట్టి అవి నిలిచాయి, అవి కూడా ఒక్కో రిజిస్టరులో ఒక్కో రకంగా. ఒకే ఇంట్లో అన్న పేరు ఒకలా, చెల్లి పేరు మరోలా రాసి ఉండడం మనకు వింత కాదు. మేష్టారికి అది ఒక్క అక్షరం. మనకు అది ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ ఆరు నెలలు.

పుట్టినరోజు కథ ఇంకా బాగుంటుంది. కాగితాల మీద మనలో చాలామంది జూన్, జులైలలోనే పుట్టాం. కొండ మీద అమ్మలంతా కలిసి పంతులు గారి సౌకర్యం చూసుకుని కన్నట్టు. ఇప్పపూల కాలంలో పుట్టాడు, కంది కోతల్లో పుట్టింది అని అమ్మ చెబితే మేష్టారు ఐదేళ్లు వెనక్కి లెక్కేసి ఒక తేదీ వేసేవారు. ఆ తేదీయే పదో తరగతి సర్టిఫికెట్లోకి, అక్కడి నుంచి ఉద్యోగంలో సర్వీసు పుస్తకంలోకి పోతుంది. ఉద్యోగులు తేదీ మార్చమని అడగకుండా 1984లోనే రాష్ట్రంలో నిబంధనలు వచ్చాయి. ఇప్పుడు చట్టం కొంత నయం. 2009 విద్యాహక్కు చట్టం 14వ సెక్షను ప్రకారం వయసు రుజువు లేదని ఏ పిల్లకీ బడిలో చేరిక నిరాకరించకూడదు. 5వ సెక్షను ప్రకారం టీసీ ఆలస్యమైందని కూడా ఆపకూడదు. ఆధార్ విషయంలో సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26న బడిలో చేరడానికి అది తప్పనిసరి కాదని చెప్పింది. ఉపాధ్యాయులు ఈ మూడూ గుర్తుంచుకుంటే చాలామంది పిల్లలు జూన్‌లో గుమ్మం దగ్గర ఆగిపోరు.

అయితే రిజిస్టరు వద్దు అనుకోవడానికి వీల్లేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వులో సవరలు, కాపు సవరలు, మాలియా సవరలు, ఖుత్తో సవరలు అని మన పేర్లు ఎక్కాయి. ఆ పేర్ల మీద హక్కులు వచ్చాయి. హక్కులు రాగానే దొంగ సర్టిఫికెట్లు వచ్చాయి. మహారాష్ట్రలో మహదేవ్ కోళీలమని చెప్పుకుని సీట్లు పొందిన వారి కేసులో, 1994లో, మాధురీ పాటిల్ తీర్పుతో సుప్రీంకోర్టు తనిఖీకి ఒక పద్ధతి పెట్టింది. కుటుంబం బడి రికార్డులు చూడాలి, దేవతలు, ఆచారాలు, పెళ్లి, చావు పద్ధతులు అడగాలి. 2011లో ఆనంద్ అనే వ్యక్తి కేసులో స్వాతంత్ర్యానికి ముందు రాసిన పత్రాలకు ఎక్కువ విలువ ఇవ్వాలంది. ఇక్కడే మనకు గుండె గతుక్కుమంటుంది. 1947కి ముందు బడి ముఖం చూసిన సవర తాతలు ఎందరు? గిడుగు గారి బళ్ల లాంటివి నాలుగు కాదు, నాలుగు వందలుండి ఉంటే మన మనవలకు ఇంత ఇబ్బంది ఉండేది కాదు. అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది, దాన్ని ఎవరూ మనకు చదివి వినిపించరు: మొదటి తరం చదువుకున్నవాడి దగ్గర పాత కాగితం లేకపోవచ్చు, అంతమాత్రాన అతని మాట కొట్టేయకూడదు. డిగ్రీ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఆ తీర్పు కాపీ ఒకటి దగ్గర ఉంచుకోవాలి.

సముద్రానికి ఆవల కూడా ఇదే జరిగింది. అమెరికాలో 1879లో కార్లైల్ అనే ఊళ్లో ఆదివాసీ పిల్లలకు హాస్టల్ బడి పెట్టారు. జుట్టు కత్తిరించారు, సొంత భాష మాట్లాడనివ్వలేదు. లకోటా తెగకు చెందిన లూథర్ స్టాండింగ్ బేర్ తన జ్ఞాపకాల్లో రాశాడు: నల్లబల్ల మీద ఏవో గీతలున్నాయి, కర్ర చేతికిచ్చి ఒకటి చూపించమన్నారు, చూపించిన ఆ గీతే తన పేరైంది. 1918లో ఆ బడి మూతపడింది. ఇప్పుడు ఆ పిల్లల కార్డులు, ఫోటోలు కంప్యూటరులోకి ఎక్కించారు. మనవలు తమ తాతల ముఖాలు అందులో వెతుక్కుంటున్నారు. ఆ దేశంలోనే 1968లో నవాహో తెగ తన సొంత కమ్యూనిటీ కాలేజీ పెట్టుకుంది, ఆదివాసీల చేతిలో నడిచిన మొదటి కాలేజీ అదే. 1974లో విద్యార్థుల రికార్డుల గోప్యతకు ఒక చట్టం వచ్చింది. పిల్లల రికార్డు తల్లిదండ్రులు చూడొచ్చు, తప్పుంటే దిద్దమని అడగొచ్చు. పద్దెనిమిదేళ్లు నిండినా, కాలేజీలో చేరినా ఆ హక్కు విద్యార్థిదే. కొన్ని మినహాయింపులున్నా, మామూలుగా అతన్ని అడగకుండా బయటివాళ్లకు ఇవ్వకూడదు.

ఇక్కడ మేము చదివిన రోజులు వేరు. ఒక హాస్టల్లో, పేరు అక్కర్లేదు, స్కాలర్‌షిప్ వచ్చిన పిల్లల జాబితా వరండా గోడకు అంటించేవారు. పేరు, కులం, ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, ఫోను నంబరు, అన్నీ. వాన కురిసి చిరిగిపోయేదాకా అక్కడే ఉండేది. ఎవడో ఫోన్ చేసి ‘మీ స్కాలర్‌షిప్ పడింది, నంబరు చెప్పు’ అంటే మా జతకాడు ఒకడు చెప్పేశాడు. వాళ్ల నాన్న జీడిపిక్కలు అమ్మి వేసిన డబ్బు పోయింది. గోప్యత అంటే పట్నంవాళ్ల మాట అనుకునేవాళ్లం. 2017లో సుప్రీంకోర్టు దాన్ని ప్రాథమిక హక్కు అంది. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. గోడ మీద జాబితాలో పేరు, రోల్ నంబరు చాలు.

ఇప్పుడు అపార్ సంఖ్య అంటున్నారు. దానికి తల్లిదండ్రుల సమ్మతి పత్రం తీసుకోవాలి. సవర తప్ప రాని అమ్మ చేత ఇంగ్లీషు కాగితం మీద వేలిముద్ర వేయిస్తే అది సమ్మతి ఎలా అవుతుంది? 2004లో ఈ రాష్ట్రంలోనే సవర, కువి, కొండ, కోయ వంటి ఎనిమిది భాషల్లో పిల్లలకు పాఠాలు మొదలుపెట్టారు. పాఠానికి పనికొచ్చిన సవర ఫారానికి పనికిరాదా?

ఇక ప్రవర్తన. టీసీలో ప్రవర్తన అని ఒక గడి ఉంటుంది, అందులో ఒకే ఒక్క మాట రాస్తారు. కందికొత్త పండగకి ఊరెళ్లి వారం ఆలస్యంగా వచ్చిన పిల్లవాడికి ఆ గడిలో ఏం రాయాలి? మాలో ఒకరికి ‘పర్వాలేదు’ అని రాశారు. ఎదిగాక ప్రతి ఇంటర్వ్యూలో ఆ ‘పర్వాలేదు’ గురించి చెప్పుకోవాల్సి వచ్చింది. విద్యాహక్కు చట్టం 17వ సెక్షను కొట్టడాన్నే కాదు, మనసును హింసించడాన్ని కూడా నిషేధించింది. 16వ సెక్షను ప్రకారం ఎనిమిదో తరగతి అయ్యేదాకా బడి నుంచి తీసేయకూడదు. బడి క్యాలెండరు స్థానిక సంస్థ నిర్ణయించవచ్చని 9వ సెక్షనులో ఉంది. పండగ సెలవును క్యాలెండరులోనే పెడితే పిల్లవాడు తప్పు చేసినవాడు కాడు. గ్రామసభలో తీర్మానం చేసి పంపడానికి ఒక తెల్ల కాగితం చాలు.

కాలేజీకి వెళ్లాక ఇంకో చిక్కు. ఫీజు ప్రభుత్వం నుంచి రాలేదు, వచ్చాక సర్టిఫికెట్లు తీసుకో అంటారు. మా ఊరి అమ్మాయి ఒకామెకు ఇలా టీసీ, మార్కుల జాబితా ఒక కాలేజీలో ఉండిపోయి, బీఈడీ సీటు పోయింది. 2018 అక్టోబరులో యూజీసీ ఇచ్చిన నోటిఫికేషన్ స్పష్టంగా ఉంది: అసలు సర్టిఫికెట్లు చేరేటప్పుడు విద్యార్థి ఎదుట సరిచూసి వెంటనే తిరిగి ఇవ్వాలి, కాలేజీ దగ్గర నకళ్లే ఉండాలి. ఆ అమ్మాయికి ఈ సంగతి చెప్పినవాళ్లు లేరు. ఇప్పుడామె ఊళ్లో అంగన్‌వాడీలో పనిచేస్తోంది. కొత్తగా ఎవరైనా కాలేజీలో చేరబోతుంటే ఆ నోటిఫికేషన్ జిరాక్సు తీయించి చేతిలో పెట్టి పంపుతోంది. మొన్న జూన్‌లో బడికి కూడా వెళ్లింది, పక్కింటి గుంటడిని చేర్పించడానికి. మేష్టారు ఇంటిపేరు అడిగితే ఈమె చెప్పింది. తేదీ దగ్గరికి వచ్చేసరికి అంగన్‌వాడీ పుస్తకం తెరిచి చూపించింది. ఫిబ్రవరి. మేష్టారు ఫిబ్రవరే రాశారు.