విపత్తు కాలంలో మాజీ సైనికుల అప్పీలు గడువు: మర్రిగూడ నుంచి ఒక పరిశీలన

వైకల్య పింఛను ఇవ్వబోమని మాజీ సైనికుడికి తుది ఉత్తర్వు అందితే, 2007 నాటి సాయుధ దళాల ట్రిబ్యునల్ చట్టం 22వ సెక్షన్ ప్రకారం ఆరు నెలల్లోగా దరఖాస్తు వేయాలి. నల్లగొండ జిల్లా మర్రిగూడ చెన్నై బెంచి పరిధిలోకి వస్తుంది. కాబట్టి విపత్తు తమ ఊళ్లో వచ్చినా, చెన్నైలో వచ్చినా ఇక్కడివారికి చిక్కే. 2015 డిసెంబరు వరదలకు చెన్నై విమానాశ్రయమే కొన్ని రోజులు మూతపడింది. మర్రిగూడలో చినుకు పడకపోయినా ఆ వారం గడువు ముగిసేవారికి అది అడ్డంకే.

2009 అక్టోబరులో శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. కర్నూలుతో పాటు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని అలంపూర్ ప్రాంతం మునిగింది. ట్రిబ్యునల్ మొదలై అప్పటికి రెండు నెలలు కూడా నిండలేదు. ఇల్లు మునిగితే డిశ్చార్జి బుక్కు, పింఛను చెల్లింపు ఉత్తర్వు (పీపీఓ), మెడికల్ బోర్డు కాగితాలు కూడా నీటిపాలవుతాయి. నకళ్లు రికార్డు ఆఫీసు నుంచి తెప్పించుకోవాలి. ఈలోగా గడువు మాత్రం ఆగదు.

చట్టంలో దయ లేదనలేం. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది. ఇలాంటి కారణాలను ఉదారంగా చూడాలని సుప్రీంకోర్టు 1987లో కతీజీ కేసులో చెప్పింది. పింఛను నిరాకరణ నెలనెలా కొనసాగే అన్యాయమని 2008లో తర్సేమ్ సింగ్ కేసులో అంగీకరించింది. అయితే బకాయిలను సాధారణంగా మూడేళ్లకే పరిమితం చేసింది. అంటే ఆలస్యంగా వచ్చినవారికి తలుపు తెరుచుకున్నా డబ్బు తగ్గవచ్చు. మన్నింపు ఉంది కదా, గడువు పెంచడమెందుకన్న వాదన నాకు సరిపోదనిపించేది ఇందుకే. పైగా ఆ మన్నింపు కోసం ప్రతి ఒక్కరూ విడివిడిగా కారణం నిరూపించుకోవాలి.

అందరికీ ఒకేసారి ఊరట ఇచ్చిన దాఖలాలున్నాయి. కోవిడ్ సమయంలో 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు కాలాన్ని సుప్రీంకోర్టు గడువు లెక్కలోంచి తీసేసింది. 2018 వరదల తర్వాత కేరళవాసులకు ఆదాయపన్ను రిటర్నుల గడువు సెప్టెంబరు 15 దాకా పెరిగింది. పన్ను కట్టేవారికి ప్రాంతాన్ని బట్టి ఇవ్వగలిగిన వెసులుబాటు సైనికుడికి ఎందుకు ఇవ్వలేం? అమెరికా సుప్రీంకోర్టు 2011లో హెండర్సన్ కేసులో, కొరియా యుద్ధంలో పనిచేసిన ఒక రోగగ్రస్తుడు 15 రోజులు ఆలస్యమైనంత మాత్రాన అప్పీలు కోర్టు అధికార పరిధి దాటిపోదని తేల్చింది. అది విపత్తు కేసు కాదు. మాజీ సైనికుల గడువును కఠినంగా చూడకూడదన్న దృష్టి మాత్రం మనకూ పనికొస్తుంది.

మర్రిగూడలో అసలు చిక్కు కరువుతో వస్తుంది. కేంద్రం గుర్తించిన విపత్తుల జాబితాలో కరువూ ఉంది. కానీ వరదలా ఫలానా రోజు మొదలైందని చెప్పలేం. పనికోసం కుటుంబం పట్నం పోతే ఉత్తరం అందకపోవచ్చు. అంతమాత్రాన కరువు మండలంలోని అందరికీ గడువు ఆపేయాలనడానికి ఇది చాలదు. వరదకు ప్రకటిత ప్రాంతమంతటా గడువు దానంతటదే పెరగాలి. ట్రిబ్యునల్ ఉన్న నగరం మునిగినా అదే పద్ధతి ఉండాలి. కరువుకైతే ప్రభుత్వ ప్రకటననే తగిన కారణానికి ప్రాథమిక ఆధారంగా తీసుకుని, ఎదుటి పక్షం కాదని చూపితే తప్ప మన్నించాలి. ఇందుకు 22వ సెక్షన్‌లో ఒక ఉపనిబంధన చేర్చవచ్చు. విపత్తు వల్ల ఆలస్యమైన కాలానికి బకాయిలు కోయకూడదన్న మాట కూడా అందులోనే ఉండాలి.