ఒకటే తీర్మానం, రెండు జెండాలు



గ్రూపులో బోయల ఎస్టీ విషయం వచ్చిన ప్రతిసారీ మాటలు తిట్ల దాకా పోతున్నాయి. అందుకే మా ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం వైపు సంగతి కొంచెం వెనక నుంచి రాస్తున్నాం.

1953 దాకా మా ప్రాంతం బళ్లారి జిల్లాలో ఆదోని తాలూకా. ఆ ఏడు అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటొచ్చాయి. బళ్లారి, సిరుగుప్ప మైసూరుకు పోయాయి. గీత గీసినోళ్లు భాష చూశారు, చుట్టరికాలు చూడలేదు. ఇప్పుడు సిరుగుప్పలో వాల్మీకి నాయకులు ఎస్టీ, అది 1991 చట్టంతో వచ్చింది. ఇక్కడ వాళ్ల వియ్యంకులు బోయలు బీసీ-ఏ. మన సుగాలీలు ఇక్కడ ఎస్టీ, గీత దాటితే లంబాణీలు, ఎస్సీ!

బోయలను ఎస్టీల్లో చేర్చాలని 2017 డిసెంబర్ 2న టీడీపీ ప్రభుత్వం, 2023 మార్చి 24న వైసీపీ ప్రభుత్వం అసెంబ్లీలో తీర్మానం చేశాయి. రెండూ కేంద్రానికి పంపే సిఫార్సులే. 342వ అధికరణం ప్రకారం పార్లమెంటు చట్టం చేస్తే తప్ప జాబితా మారదు. మా తండాల్లో మాత్రం మొదటిసారి "ద్రోహం" అన్న వైసీపీ వాళ్లు రెండోసారి "ఉత్త కాగితంలే" అన్నారు. మొదట ఉత్త కాగితం అన్న టీడీపీ వాళ్లకు రెండోసారి అదే ద్రోహమైంది. బోయల వైపూ అంతే, తమ పార్టీది న్యాయం, ఎదుటోళ్లది ఓట్ల నాటకం.

మాకు భయం లేదని కాదు. ఎస్టీ రిజర్వేషన్ 6 శాతమే. మా ఇళ్లల్లో మొదట కాలేజీ గడప తొక్కింది మేమే, అదీ ఆ 6 శాతంతోనే. శాతం పెంచకుండా అంత పెద్ద కులాన్ని చేరిస్తే మా సీట్లేం కావాలి? అడగాల్సింది రెండు పార్టీలనూ. కానీ సొంత పార్టీని అడగలేక కోపమంతా పక్క రూములో బోయ పిల్లోడి మీద చూపిస్తున్నారు. వాళ్లు ఫ్యాక్షన్ మనుషులంట, మనం సారా కాచేవాళ్లమంట.

తెలంగాణ లంబాడీలు 1976 సవరణ చట్టంతో ఎస్టీలయ్యారు. వాళ్లను జాబితా నుంచి తీసేయాలని 2017లో ఆదిలాబాద్ ఆదివాసీలు ఉద్యమం చేశారు. "తర్వాత వచ్చినోళ్లు మా వాటా తింటున్నారు" అనే మాట అక్కడ మన బంధువులు పడుతున్నారు. ఇక్కడ అదే మాట బోయలను మనోళ్లు అంటున్నారు.

రెండు తీర్మానాలకూ వెనక సత్యపాల్ కమిటీ, శామ్యూల్ ఆనంద్ కుమార్ కమిషన్ నివేదికలున్నాయి. మా హాస్టలోళ్లం అవి కూర్చుని చదువుదాం అనుకుంటున్నాం. ఎవరి దగ్గరైనా పూర్తి కాపీ ఉంటే గ్రూపులో పెట్టండి.