రేబిస్ టీకా నిబంధనలు – ‘యజమాని’ భావన: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
పెంపుడు కుక్కకు రేబిస్ టీకా వేయించడం యజమాని బాధ్యత అని నేటి నిబంధనలు చెబుతున్నాయి. ఈ బాధ్యత ఏయే దశలు దాటి రూపుదిద్దుకుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. యజమాని ఉన్న కుక్క, యజమాని లేని కుక్క అనే విభజన మీదనే రెండు శతాబ్దాల నిబంధనలు నిలిచాయనీ, మన వీధుల్లో ఆ విభజన పూర్తిగా పొసగకపోవడమే వాటి ప్రధాన పరిమితి అనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: రేబిస్, టీకా, పెంపుడు కుక్క, ఊరకుక్క, యజమాని, పురపాలక నిబంధనలు.

1. ఉపోద్ఘాతం

రేబిస్ లక్షణాలు బయటపడిన తరువాత రోగి బతకడం దాదాపు అసాధ్యం. ఈ సంగతి ప్రాచీన వైద్యులకూ తెలుసు. సుశ్రుతసంహితలోని కల్పస్థానం పిచ్చికుక్క కాటును వర్ణిస్తూ, నీటిని చూసి భయపడే స్థితిని ‘జలత్రాసం’ అని పేర్కొని, దానిని మరణసూచకంగా పరిగణించింది. అయితే కాటు పడిన వెంటనే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో కడిగి, టీకాలు వేయించుకుంటే ఈ మరణాన్ని నివారించవచ్చు. కుక్కకే ముందుగా టీకా వేయిస్తే ప్రమాదాన్ని మూలంలోనే అడ్డుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం రేబిస్ వల్ల ప్రపంచంలో ఏటా సుమారు 59,000 మంది మరణిస్తున్నారు. అనుమానిత జంతువుల కాటుకు గురయ్యేవారిలో దాదాపు 40 శాతం 15 ఏళ్లలోపు పిల్లలు. అందువల్ల కుక్క టీకాకు సంబంధించిన నిబంధన యజమాని ఇంటి విషయంగా మాత్రమే మిగలదు. అది వీధిలో ఆడుకునే పిల్లల ప్రాణానికి సంబంధించిన విషయం కూడా.

2. సంహారమే నిబంధనగా ఉన్న కాలం

వలసపాలనలో కుక్కల నియంత్రణకు తొలి సాధనం సంహారం. బొంబాయిలో వేసవి నెలల్లో యజమాని లేని కుక్కలను చంపించి, తలకింత అని బహుమానం చెల్లించే పద్ధతి 19వ శతాబ్దపు తొలి దశాబ్దాల నుంచే ఉంది. 1832 జూన్‌లో ఈ పద్ధతికి వ్యతిరేకంగా పార్సీలు తిరగబడ్డారు. దుకాణాలు మూతపడ్డాయి, సైన్యాన్ని దించవలసి వచ్చింది. పార్సీల మతవిశ్వాసంలో కుక్కకు పవిత్రస్థానం ఉండడం ఇందుకు ఒక కారణం. బహుమానానికి ఆశపడి యజమానులున్న కుక్కలను కూడా పట్టుకుపోతున్నారన్న ఆరోపణ మరొకటి. ‘ఈ కుక్క ఎవరిది?’ అన్న ప్రశ్న శాంతిభద్రతల సమస్యగా మారిన సందర్భమిది.

బ్రిటన్‌లో ఇదే ప్రశ్నకు సమాధానం సులువుగా దొరికింది. అక్కడ కుక్క మూతికి చిక్కం వేయడం యజమాని విధి అయింది. 1897 నుంచి ఆ నిబంధనను కఠినంగా అమలుచేసి, దిగుమతి అయ్యే కుక్కలను వేరుగా ఉంచడంతో 1902 నాటికి ఆ దేశం రేబిస్‌ను నిర్మూలించింది. కుక్కలకు టీకా లేని రోజుల్లోనే ఇది సాధ్యమైంది. అత్యధిక కుక్కలకు జవాబుదారీ అయిన మనిషి ఉండడమే ఆ విజయానికి పునాది.

3. కరిచిన కుక్కకు కాక, కాటు తిన్న మనిషికి

1885 జూలై 6న పారిస్‌లో లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌కు టీకా వేయించడంతో చికిత్స చరిత్ర మలుపు తిరిగింది. భారతదేశంలో తొలి పాశ్చర్ సంస్థ 1900లో హిమాలయ పాదాల దగ్గరి కసౌలీలో ఏర్పడింది. దక్షిణాది రోగులకు అది అందని దూరం. అమెరికన్ దాత హెన్రీ ఫిప్స్ విరాళం తోడ్పాటుతో 1907లో నీలగిరుల్లోని కూనూరులో దక్షిణ భారత పాశ్చర్ సంస్థ ప్రారంభమైంది. మద్రాసు రాజధానిలో భాగమైన తెలుగు జిల్లాలకు కూడా అదే ఆశ్రయం.

1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ రూపొందించిన టీకా జంతువుల మెదడు కణజాలంతో తయారయ్యేది. ‘బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు’ అని పాత తరం నేటికీ గుర్తుచేసుకునేది ఈ టీకానే. కొందరిలో ఇది తీవ్రమైన నాడీసంబంధ దుష్ఫలితాలకు దారితీసేది. అయినా 2004 చివరి వరకు ఇది దేశంలో కొనసాగింది. ఈ దశ అంతటా నొప్పి, ఖర్చు, ప్రయాణం అన్నీ కాటు తిన్నవారి మీదనే పడ్డాయి. యజమాని ముందుగా నెరవేర్చవలసిన విధి అన్న ఆలోచన నిబంధనల్లో బలంగా కనిపించదు.

4. యజమాని బాధ్యతగా టీకా

కుక్కలకు పెద్ద ఎత్తున టీకాలు వేయడం 1920ల తొలినాళ్లలో జపాన్‌లో మొదలైంది. 1950లో ఆ దేశం చేసిన రేబిస్ నివారణ చట్టం కుక్కల నమోదును, టీకాను తప్పనిసరి చేసింది. వీధికుక్కలను పట్టుకునే ఏర్పాటూ చేసింది. 1957 తరువాత అక్కడి జంతువుల్లో స్థానికంగా రేబిస్ కనబడలేదు.

భారతదేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం వీధికుక్కల సంహారాన్ని నేరపరిధి నుంచి మినహాయించింది. దశాబ్దాల సంహారం రేబిస్‌ను తొలగించలేకపోయింది. 1996లో చెన్నై నగరపాలక సంస్థ సంహారాన్ని విడిచి సంతాన నియంత్రణ శస్త్రచికిత్స, టీకా మార్గాన్ని ఎంచుకుంది. 2001లో కేంద్రప్రభుత్వం జారీచేసిన జంతు జనన నియంత్రణ నిబంధనలు ఇదే మార్గాన్ని దేశమంతటికీ విస్తరించాయి. అవి కుక్కలను పెంపుడు కుక్కలు, వీధికుక్కలు అని రెండుగా విభజించాయి. పెంపుడు కుక్కకు టీకా, శస్త్రచికిత్స, లైసెన్సు యజమాని బాధ్యత అన్నాయి. లైసెన్సు విషయంలో స్థానిక చట్టాన్ని అనుసరించాలన్నాయి. అందుకే హైదరాబాదు వంటి నగరాల్లో పెంపుడు కుక్క నమోదుకు టీకా ధ్రువపత్రం అవసరమైంది.

5. ‘ఊరకుక్క’ ఎవరిది?

ఈ విభజనలో ఇమడని స్థితిని తెలుగు భాష ఎప్పుడో గుర్తించింది. ఊరపిచ్చుక, ఊరపంది వంటి పదాల్లో ‘ఊర’ అన్న పూర్వపదం అడవికి చెందనిదనీ, ఊరిని ఆశ్రయించుకుని బతికేదనీ సూచిస్తుంది. ఊరకుక్క కూడా అటువంటిదే. దానికి ఒక ఇంట్లో అన్నం, మరో ఇంటి అరుగు కింద నీడ, మూడో ఇంటి పిల్లలు పెట్టిన పేరు. అన్నం పెట్టేవారు చాలామంది. ధ్రువపత్రం మీద సంతకం చేసేవారు మాత్రం ఎవరూ ఉండరు.

2023 నిబంధనలు వీధికుక్కలను సమాజ జంతువులుగా పరిగణించి, వాటికి ఆహారం పెట్టే ఏర్పాట్లలో నివాసుల సంఘాలకు పాత్ర కల్పించాయి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు టీకా, శస్త్రచికిత్స పూర్తయిన కుక్కలను పట్టుకున్న చోటే వదలాలని ఆదేశించింది. రేబిస్ సోకినవాటిని, దూకుడుగా ప్రవర్తించేవాటిని మినహాయించింది. ఆహారానికి ప్రత్యేక స్థలాలు నిర్ణయించాలని కూడా చెప్పింది. ఈ రెండూ ఊరుమ్మడి సంబంధాన్ని చట్టం గుర్తించడం మొదలుపెట్టిన దశను సూచిస్తాయి.

6. ముగింపు

రేబిస్ వ్యాప్తిని ఆపాలంటే ఒక ప్రాంతంలోని కుక్కల్లో కనీసం 70 శాతానికి టీకా అందాలని శాస్త్రవేత్తల అభిప్రాయం. లైసెన్సు ఉన్న కుక్కలను మాత్రమే లెక్కించే పురపాలక సంస్థ ఆ లక్ష్యాన్ని చేరలేదు. 2030 నాటికి కుక్కల ద్వారా వ్యాపించే రేబిస్‌ను నిర్మూలించాలని భారతదేశం 2021లో జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించింది. అది నెరవేరాలంటే యజమాని నిబంధనను కఠినంగా అమలుచేయడంతో పాటు, అన్నం పెట్టే చేతులనే టీకా రోజున కుక్కను పట్టి నిలిపే చేతులుగా మార్చే స్థానిక నిబంధన కావాలి. ఊరకుక్క ఊరందరిదైనప్పుడు, దాని టీకా కూడా ఊరందరి బాధ్యతే అవుతుంది.